ఎర్ర టేపు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన టెంపరరీ. బండ్ల కరెంటు పనిలో ఆయన చేతికి తిరుగులేదు. లారీ దీపాల దగ్గర్నుంచి ట్రాక్టరు హారను దాకా, ఆయన షాపులో బాగుపడిన బండి మళ్లీ అదే రోగంతో వెనక్కి వచ్చింది లేదు. పాపం, ఆ పేరు వచ్చింది షాపు వల్ల కాదు, ఇంటి వల్ల.

పని పూర్తయి ఖాయమైన తీగకు ఆయన నల్ల టేపు చుడతాడు. పరీక్ష కోసం అప్పటికప్పుడు లాగిన తీగకైతే ఎర్ర టేపు. ఎర్ర టేపు ఉందంటే రేపు తీసేయాలని గుర్తు. షాపులో ఆ రేపు సాయంత్రంలోగా వచ్చేసేది, ఎందుకంటే బండివాడు నెత్తిమీద నిలబడి ఉంటాడు. ఇంట్లో నెత్తిమీద నిలబడేది భార్య ఒక్కతే. ఆమెకు రేపు అని చెప్పడం ఆయనకు ఎప్పుడో అలవాటైపోయింది.

స్నానాల గది బల్బుకు ఎర్ర టేపు. మేడ మెట్ల దీపానికి ఎర్ర టేపు. వంటింట్లో మిక్సీ వేస్తే వీధి గుమ్మం బెల్లు మోగుతుంది. ఆ రెండింటికీ ఏ తీగ చుట్టరికం కలిపిందో ఆయనకే గుర్తులేదు. బెల్లు మోగగానే ఆయన పేపరు పక్కన పెట్టి, వెళ్లి తలుపు తీసి, అటూ ఇటూ చూసి, "ఎవరూ లేరే" అని చెప్పడానికి వంటింటి దాకా వచ్చేవాడు.

"నేనున్నానుగా," అనేది ఆమె మిక్సీ ఆపకుండానే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆయనకొక పాత జీపు ఉంది. పాత ఇనుము కొట్టువాడు దాన్ని ముక్కలు చేయబోతుంటే అడ్డుపడి తెచ్చుకుని, తానే బాగుచేసుకున్నాడు. అందులో భార్య ఒకే ఒక్కసారి ఎక్కింది. అడవి దాటాక కొండ మీద ఒక సరస్సు ఉంది. తెల్లవారుతుండగా దాని మీంచి మంచు లేస్తుందని, అది చూడాలని ఆమెకు పెళ్లికి ముందునుంచీ కోరిక. తీరా సగం దారిలో ఈయన జీపు ఆపి, రేడియో పెట్టి, పాటల్లో పడి బ్యాటరీని పూర్తిగా పీల్చేశాడు. జీపు మొరాయించింది. ఇద్దరూ అటుగా వచ్చిన క్యాబేజీల లారీ ఎక్కి, బుట్టల మీద కూర్చుని ఇంటికొచ్చారు. వీధి వీధంతా చూసింది. అప్పట్నుంచి కొండ మాటెత్తినప్పుడల్లా ఆమెది ఒకటే జవాబు.

"క్యాబేజీలు వద్దులెండి."

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకునేది. ఊళ్లోవాళ్లంతా తనను నమ్మి దూరప్రయాణాలు చేస్తుంటే, కట్టుకున్న భార్య నమ్మకపోతే ఆ పనితనం ఎందుకు? చివరికి పంతం పట్టి, జీపులో రెండో బ్యాటరీ పెట్టడానికి పూనుకున్నాడు.

ఆమెను జీపు దగ్గరికి పిలిచి మరీ వివరించాడు. "ఇటు చూడు. ముందున్న పెద్ద బ్యాటరీ ఇంజనుది. వెనక సీటు కింద పెట్టేది మన సరదాలది. బండిలో పెట్టే చిన్న ఫ్రిజ్జు, ఫ్యాను, రేడియో, అన్నీ దాని మీదే బతుకుతాయి. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఈ రిలే రెండింటినీ కలిపి చార్జింగు ఎక్కిస్తుంది. ఇంజను ఆపగానే విడదీస్తుంది. ఇక మన సరదాలు ఎంత తాగినా పెద్దదాని జోలికి పోవు."

"పెద్దదే పడుకుంటే?"

"ఎందుకు పడుకుంటుంది? సరే, పడుకుందే అనుకో. ఈ బటన్ నొక్కితే చిన్నది లేచి పెద్దదానికి చెయ్యి అందిస్తుంది."

ఆమె బటన్ వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "వస్తాను. కానీ జీపులో ఒక్క ఎర్ర టేపు కనబడకూడదు. కనబడిందో, దిగిపోతాను."

"నీ మీద ఒట్టు," అన్నాడు.

ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరితరం కాలేదు. లావుపాటి కేబులు తెచ్చి, ఎక్కడా ఒరుసుకోకుండా గొట్టంలో దూర్చి వెనక్కి లాగాడు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు. కొసకొసకూ నల్ల టేపు చుట్టాడు. భార్య మెచ్చుకుంటుందని సీటు కింద నేలకు కొత్త రంగు కూడా వేశాడు. తప్పంతా ఆ రంగులోనే జరిగింది. రంగు అడ్డుంటే కరెంటు పారదు, ఎర్తు తీగ బిగించేచోట దాన్ని గీకి ఇనుము తేల్చాలని షాపుకొచ్చినవాడికల్లా పాఠం చెప్పే మనిషి, అంత ముచ్చటైన రంగును గీకడానికి మనసొప్పక ఫ్రిజ్జు ఎర్తు తీగకు దాని మీదే బోల్టు బిగించాడు.

ప్రయాణం రోజున ఫ్రిజ్జు పలకలేదు. లోపం ఫ్రిజ్జుదా, తన పనిదా తేల్చుకోవడానికి, ముందున్న పెద్ద బ్యాటరీ నుంచి తిన్నగా ఒక జంట తీగ లాగి తగిలించాడు. ఫ్రిజ్జు హాయిగా గుర్రుమంది. అంతలో వీధి చివర లారీవాడు హారను ఆగడం లేదని గోల పెడుతుంటే పరుగెత్తాడు. వచ్చేసరికి ఫ్రిజ్జు చల్లగా ఉంది, భార్య సంచులు సర్దేసి ముందు సీట్లో కూర్చుని ఉంది. చల్లగా ఉన్నదాన్ని ఎవరు అనుమానిస్తారు? ఎక్కి కూర్చుని కొండకు పోనిచ్చాడు. రాత్రికి సరస్సు ఒడ్డునే జీపు ఆపి పడుకున్నారు.

సరస్సు ఆమె అనుకున్నట్టే ఉంది. పొద్దున నీళ్ల మీంచి మంచు పొరలుపొరలుగా లేస్తుంటే ఆమె శాలువా కప్పుకుని, ఫ్రిజ్జులోని పుచ్చకాయ ముక్క చేత్తో పట్టుకుని, తినడం మరిచిపోయి చూస్తూ కూర్చుంది. ఆమె ముఖం అలా విప్పారడం ఆయన చాలాకాలంగా చూడలేదు. ఆయనకు గొప్ప సంతోషం కలిగింది. ఎండెక్కాక ఇద్దరూ జీపెక్కారు. ఆయన దర్జాగా తాళం తిప్పాడు.

టక్ మంది. అంతే.

క్యాబేజీలు బుట్టలతో సహా ఆయన కళ్లముందు కదిలాయి. దేవుడా అనుకుంటూ బటన్ నొక్కి మళ్లీ తిప్పాడు. ఇంజను ఒక్క ఊపున అందుకుంది.

"పనిచేసిందే," అంది ఆమె.

"చెప్పానా లేదా?" అన్నాడు ఛాతీ విరుచుకుని. విరిచిన ఛాతీ విరిచినట్టే ఉండగా అనుమానం మొదలైంది. అసలు పెద్దది ఎందుకు పడుకుంది? ఇంజను నడుస్తుండగానే దిగి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ మీంచి ఒక తీగ వయ్యారంగా ఫ్రిజ్జు వైపు పోతోంది. కొసన ఎర్ర టేపు. రాత్రంతా ఫ్రిజ్జు తాగింది పెద్దదాన్నే. చిన్నది ఏ పనీ లేక నిండుగా కూర్చుంది కాబట్టి సరిపోయింది.

గబుక్కున తీగ పీకి జేబులో కుక్కుకున్నాడు. ఆమె ఇటు చూడటం లేదు. అంతా తన గొప్పే అని ఊరుకోవచ్చు. కానీ ఇన్నాళ్లకు దొరికిన నమ్మకాన్ని కూడా ఎర్ర టేపు చుట్టి ఇంటికి తీసుకుపోవాలంటే ఆయనకు మనసు రాలేదు. వచ్చి సీట్లో కూర్చుని, జేబులోంచి తీగ తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"తెలుసు," అంది ఆమె. "నిన్న సంచులు సర్దుతుంటే కాలికి తగిలింది."

"మరి దిగిపోలేదేం?"

"దిగితే ఇది చూసేదాన్నా?" అంది సరస్సు వైపు తిరిగి. "మిమ్మల్ని నమ్మి ఎక్కలేదు. మీ రేపు కోసం ఆగితే ఇక ఎప్పటికీ చూడనేమోనని భయమేసి ఎక్కాను."

కొండ దిగేదాకా ఆయన రేడియో పెట్టలేదు.

మర్నాడు షాపు తెరవలేదు. ముందు జీపులో రంగు గీకి ఎర్తు బోల్టు సరిగ్గా బిగించాడు. తర్వాత ఇంట్లో పడ్డాడు. స్నానాల గది అయింది, మెట్లు అయ్యాయి. బెల్లు దగ్గరికొచ్చి కటింగు ప్లేయరు ఎత్తేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"దీన్ని ఉండనివ్వండి."

"మిక్సీ వేస్తే బెల్లు మోగడమేంటి, నవ్విపోతారు."

"బెల్లు మోగకపోతే మీరు వంటింట్లోకి ఎందుకొస్తారు?"

ఆయన కటింగు ప్లేయరు కింద పెట్టాడు. తర్వాత ఆ తీగకున్న వెలిసిపోయిన ఎర్ర టేపు నెమ్మదిగా విప్పి, నల్ల టేపు చుట్టాడు.