మరియమ్మ చేతికి నిలిచిన సూది

మా సూర్యాపేట దవాఖాన ఎమర్జెన్సీలో నర్సు భాగ్యశ్రీకి కోపం ముక్కు మీదే ఉంటుంది. నరం దొరకని వాళ్లకు స్కానింగ్ మిషన్‌లో చూస్తూ లోపలి నరానికి సెలైన్ సూది పెట్టడంలో ఆమె దిట్ట. పెట్టడం ఒక ఎత్తు, అది నిలవడం ఒక ఎత్తు. అందుకే డ్యూటీ దిగాక కూడా వార్డుకెళ్లి, తను పెట్టిన సూదులు ఎన్నాళ్లుంటున్నాయో మంచం మంచానికీ తిరిగి చూసుకుంటుంది. ఊడిన సూది కనబడిందా, ఇక ఆ మంచం వాళ్ల పని అయిపోయినట్టే. "నీ పిల్లలా అవి?" అని నేను ఏడిపిస్తుంటాను. నేనూ అక్కడి నర్సునే.

మాడుగులపల్లి కూలీ మరియమ్మకు వరికోతలో ఎడమ చెయ్యి తెగింది. చీము పట్టి మోచేతి దాకా వాచింది. మూడు రోజులు మందు నరంలోకే పోవాలి. కుడి మోచేతి మడతలో పెట్టిన సూది మధ్యాహ్నం అన్నం తినేసరికి ఖతం. చెయ్యి మడవకుండా ముద్ద నోటికెలా పోతుంది మరి!

ఇంకోసారి ఊడితే మెడ నరమే అన్నారు డాక్టరు.

"మెడల సూదంటే నేను ఇంటికే పోత," అని మరియమ్మ ఏడ్చింది.

భాగ్యశ్రీ మిషన్ తెచ్చి, కుడి జబ్బ లోపలి నరానికి పొడుగు సూది పెట్టింది. పక్కనే ఉన్న మరియమ్మ భర్త యేసయ్య వైపు తిరిగింది.

"పెద్దనాయనా, మూడు రోజులు పెద్దమ్మ చెయ్యి మడవద్దు. నువ్వే తినిపియ్యాలె."

"నేనా? గింతమంది ముంగట?"

"మరి నేను తినిపియ్యాల్నా?"

ముప్పై ఏళ్ల కాపురంలో భార్యకు మంచినీళ్లైనా అందించని మనిషి. మొదటి ముద్ద సగం ఆమె ఒళ్లో పడింది. వార్డంతా నవ్వింది. రెండో రోజుకు చారు కలపడం వచ్చింది. మూడో రోజు పక్క మంచం వాళ్లను నెయ్యి అడిగి మరీ వేశాడు. మరియమ్మ సిగ్గుతో గోడవైపు తిరిగి నమిలేది.

నాలుగో రోజు పొద్దున పదింటికి చివరి మందు ఎక్కింది. వాపు దిగింది.

"అరవై ఎనిమిది గంటలు నిలిచింది!" అని భాగ్యశ్రీ వార్డంతా చాటింది. సూది తీయబోతే మరియమ్మ వద్దంది.

"నొప్పి ఉండదు పెద్దమ్మా. ఇగ నీ చేత్తోనే తినొచ్చు."

మరియమ్మ మొగుడి వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించింది.

"జర పగటి బువ్వ అయినంక తియ్యి బిడ్డా."

ఎవరి మాటా వినని భాగ్యశ్రీ ఆ పూట విన్నది. నాకైతే సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.