ఎందుకమ్మ రాసిన తొలి వార్త

ప్రతిదానికీ ‘ఎందుకు?’ అని ప్రాణం తీస్తుందని ఆ అమ్మాయికి కాలేజీలో ‘ఎందుకమ్మ’ అని పేరు పెట్టారు. జర్నలిజంలో చేరాక వాచ్‌మన్ నుంచి ప్రిన్సిపాల్ దాకా ఎవర్నీ వదల్లేదు.

ఒకరోజు మాస్టారు, పత్రికాఫీసులో తల నెరిసిన మనిషి, “మీ ఇంట్లో నిన్న జరిగింది వార్తగా రాసుకురండి. అసలు విషయం మొదటి వాక్యంలోనే ఉండాలి. ఒక్కరి మాట నమ్మకండి, ఇద్దర్ని అడగండి” అన్నారు.

నాన్నను అడిగితే, “మనింట్లో వార్తలేంటే, నా మొహం!” అని పేపరు తిప్పాడు. రెండో మనిషి కావాలి గనక వంటింట్లోకి వెళ్లింది.

అమ్మ గరిటె తిప్పుతూనే చెప్పింది. “పక్కింటి పిన్ని నాకు స్కూటర్ నేర్పుతోంది. నిన్న మార్కెట్‌కి ఒక్కదాన్నే నడుపుకుంటూ వెళ్లొచ్చా.”

ఎందుకమ్మ నోరెళ్లబెట్టింది. “మాకెందుకు చెప్పలేదు?”

“ఊళ్లో అందర్నీ అడుగుతావు. నన్నెప్పుడైనా ఏమైనా అడిగావా?”

స్కూటర్ సంగతి మొదట రాసి, అమ్మ మాటను చివర అతికించి మర్నాడు మాస్టారికిచ్చింది. ఆయన చివరి వాక్యం చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, అక్కణ్ణుంచి కాగితం నెత్తిదాకా బాణం గీశారు.

“అసలు వార్త ఇదమ్మా. దీన్ని అడుగున ఎందుకు పెట్టావు?”