యాదలక్ష్మి ఎంచుకున్న బ్యారెల్

సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేసే అంజన్నకు యాదలక్ష్మి ఒక్కతే బిడ్డ. ముప్పై నాలుగేళ్ల పోలీసు కానిస్టేబుల్. లాఠీ పట్టుకుని బందోబస్తుకు నిలబడమంటే ఆమెకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది. రైఫిల్ ఇచ్చి బోర్లా పడుకోమంటే మాత్రం తిండి ధ్యాస కూడా ఉండేది కాదు. మూడు వందల గజాల పోటీకి రాష్ట్ర పోలీసు జట్టు ఎంపికలకు రెండేళ్లు వెళ్లి రెండుసార్లూ ఉత్తచేతులతో తిరిగొచ్చింది. ఈసారి కూడా పేరు రాకపోతే రైఫిల్ ఇంకొకరికి ఇస్తామని, మళ్లీ పూర్తిగా బందోబస్తేనని పైవాళ్లు చెప్పేశారు.

సరిగ్గా అప్పుడే ఆమె రైఫిల్ బ్యారెల్ అరిగిపోయింది. ఆయుధాల గది చూసే హెడ్ కానిస్టేబుల్ దేవరాజు రెండు కొత్త బ్యారెళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. బ్యారెల్ లోపల మెలిక తిరుగుతూ పోయే సన్నటి గాడులుంటాయి. వాటి వెంట బుల్లెట్ గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది కాబట్టే తిన్నగా పోతుంది. ఒకదాంట్లో మెలిక ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు, రెండోదాంట్లో పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు. బుల్లెట్లూ రెండు రకాలున్నాయి. పొట్టి, తేలిక రకాన్ని గాలి పక్కకు నెట్టేస్తుందని పొడుగు, బరువు రకం తీసుకుంది. అంతవరకూ బాగానే ఉంది.

తప్పంతా బ్యారెల్ దగ్గర జరిగింది. సన్న నూలుకు పురి, అంటే మెలిక, ఎక్కువ పడాలి, లావు నూలుకు తక్కువ చాలు. నేతవాళ్ల ఇంట్లో ఈ సంగతి ఎవరూ పనిగట్టుకుని నేర్పరు, అదే అబ్బుతుంది. బరువు బుల్లెట్ అంటే లావు నూలే కదా అనుకుని యాదలక్ష్మి మెలిక తక్కువున్న పన్నెండు అంగుళాలదాన్ని పట్టుకుంది. ఫోన్‌లో అడిగితే అంజన్న కూడా అవునన్నాడు. దేవరాజుకు తుపాకులు విప్పి బిగించడం వచ్చు గానీ పోటీ బుల్లెట్ల సంగతి అంతంత మాత్రమే. అయినా, స్టోరులో ఇలాంటి మెలికే ఉన్న పాత రైఫిల్ ఉంది, దాంతో ఐదు బరువు బుల్లెట్లు పేల్చి చూడమన్నాడు.

"పురి గురించి నాకు చెప్పాల్నా సార్? మా బాపు నలభై ఏండ్ల సంది గదే పనిల ఉన్నడు," అంది ఆమె.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదన దేనికని దేవరాజు ఆ బ్యారెల్‌నే బిగించడానికి వర్క్‌షాపుకు పంపాడు.

రైఫిల్ తిరిగొచ్చేసరికి ఎంపికలకు పన్నెండు రోజులున్నాయి. పది గుండ్లు పేల్చింది. గురి కాగితం తెచ్చి చూస్తే ఆరే తగిలాయి. ఆ ఆరూ గుండ్రటి రంధ్రాలు కావు. బుల్లెట్ అడ్డంగా తిరిగి దూరినట్టు పొడుగ్గా చిరిగి ఉన్నాయి. పొడుగు బుల్లెట్‌కు ఆ కాస్త మెలిక చాలక గాల్లోనే పల్టీలు కొట్టింది. రెండో బ్యారెల్ బిగించమని వర్క్‌షాపువాళ్లను బతిమాలితే నెల దాటాక రమ్మన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి జరిగింది చెప్పింది. తన మాటే బిడ్డ కొంప ముంచిందని అర్థమై, అంజన్న మగ్గం దగ్గరికి వెళ్లి దాని మీద చెయ్యి వేశాడు. తర్వాత అన్నాడు:

"మగ్గమెక్కిన పడుగును మార్సలేం బిడ్డా. పేకనే మార్సుకోవాలె."

బ్యారెల్ పడుగైతే బుల్లెట్టే పేక అనుకుని, మర్నాడే ఆమె బరువు బుల్లెట్లు పక్కన పెట్టి తేలికవి తీసుకుంది. పొట్టి బుల్లెట్‌కు ఆ మెలిక చాలి రంధ్రాలు గుండ్రంగా వచ్చాయి గానీ, అనుకున్నట్టే గాలికి అటూ ఇటూ జరిగాయి. మిగిలిన పది రోజులూ కాల్పుల రేంజిలోనే గడిపింది. గాలి జెండా ఎంత లేస్తే గుండు ఎంత జరుగుతుందో ప్రతిదీ నోటుబుక్కులో రాసుకుంది. బరువు బుల్లెట్ చేసిపెట్టే పనిని తన కళ్లతో చేయడం నేర్చుకుంది. విసుగొచ్చి ఒకరోజు ఏడ్చింది కూడా.

ఎంపికల నాడు మొదటి గుండే పక్కకు పోయింది. తర్వాత పంతొమ్మిదింటికీ జెండా చూడందే ట్రిగ్గర్ నొక్కలేదు. జట్టులో నలుగురికి చోటు. చదివిన పేర్లలో నాలుగోది ఆమెది.

అక్కణ్ణించే అంజన్నకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన మురిసిపోయి, అసలు బరువు గుండుకు పురి ఎందుకు ఎక్కువ కావాలో జర చెప్పమని అడిగాడు.

"నూలు పురి గట్టితనానికి బాపు. గిది గుండు గాల్ల తిన్నగ నిలబడేటందుకు. పొడుగు బొంగరాన్ని ఇంకింత జోరుగ తిప్పకుంటే పడిపోతది సూడు, గట్లనే."

అంజన్నకు సగమే అర్థమైంది.

"ఇంకోసారి చెప్పు బిడ్డా," అన్నాడు.

యాదలక్ష్మి రేంజి గోడ పక్కన నేల మీద చతికిలబడి, మొదటి నుంచి మళ్లీ చెప్పసాగింది.