పక్కింటామె వేసిన కుర్చీలు

పక్కింటామె పోయిందన్న కబురు నాకు ఫోన్ చేసి చెప్పింది ముసలాయన. ఆమె ఇంటి వెనక గదిలో ఉంటాడు, మాట తక్కువ మనిషి. పొద్దున తలుపు కొడితే పలకలేదని, నిద్రలోనే పోయిందని చెప్పాడు. గురువారం సాయంత్రం ఇంట్లో ఉంచుతారు, శుక్రవారం తీసుకెళ్తారు, రాగలవా అన్నాడు. నేనప్పుడు డబ్లిన్ శివార్లలో క్లాండాల్కిన్‌లో ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలకి టేపు వేస్తున్నాను. వస్తానన్నాను. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పాడు. "కుర్చీల సంగతి నేను చూసుకుంటాను."

ఆ చివరి మాట ఆమెను ఎరగనివాళ్ళకి అర్థం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె డచ్చి మనిషి. హాలండ్‌లో పుట్టి, పెళ్ళయిన కొత్తలో భర్తతో అమెరికా వెళ్ళింది. ఆయన డెయిరీల్లో పాలు పిండే యంత్రాలు బిగించేవాడు. ముప్పై ఏళ్ళకు పైగా మొక్కజొన్న చేల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఉన్నారు. భర్త పోయాక ఏడాదిపాటు హాలండ్‌లో ఉండి చూసింది, కుదరలేదు. కూతురు ఐర్లండు అబ్బాయిని చేసుకుని ఆ దేశంలోనే కార్లో అనే ఊళ్ళో ఉండేది కాబట్టి ఇక్కడికొచ్చి, కాలేజీ క్యాంపస్‌కి నడిచిపోయేంత దూరంలో చిన్న ఇల్లు కొనుక్కుంది. నేను ఖమ్మం నుంచి మాస్టర్స్ చదవడానికొచ్చి ఆ పక్కింట్లో దిగాను.

మనవాళ్ళ అలవాటుగా ఆంటీ అన్నాను. తను నాకు పిన్నీ కాదు, మేనత్తా కాదు, ఆ మాట ఎలా వచ్చిందని అడిగింది. మరి ఏమని పిలవాలి? వాళ్ళ భాషలో పక్కింట్లో ఉండే ఆడమనిషిని బ్యూర్‌వ్రౌ అంటారట. అంటే పక్కింటామె, అంతే. పిలుపుకి అది చాలు, పేరు అక్కర్లేదు. నన్నూ అదే మాటతో పిలిచేది. అమెరికాలో మొదటి రోజు నుంచే అందరూ పేరు పెట్టి పిలిచారట గానీ, అన్నేళ్ళలో ఒక్కరూ ఆమెను పక్కింటామెగా చూడలేదట.

అమెరికా గురించి ఆమె చెప్పేవి గొప్ప కథలేం కావు. అక్కడి రొట్టె స్పాంజిలా ఉంటుందని ఇంట్లోనే కాల్చుకునేది. కూరగాయలకి సైకిల్ మీద వెళ్తే, కారు చెడిపోయిందా అని దారిలో జనం ఆపి అడిగేవారు. ఎవరైనా "ఎప్పుడైనా మా ఇంటికి రండి" అంటే సంచీలోంచి డైరీ తీసి, ఏ రోజు రమ్మంటారు అని అడిగేది. అన్నవాళ్ళ మొహం మారిపోయేది. అది పిలవడం కాదని, వెళ్ళొస్తామని చెప్పడమని ఆమెకి అర్థమయ్యేసరికి చాలా కాలం పట్టింది. అర్థమయ్యాక కూడా డైరీ తీయడం మానలేదు.

పుట్టినరోజుకి వాళ్ళ పద్ధతి వేరు. కుర్చీలన్నీ గుండ్రంగా వేస్తారు. లోపలికి వచ్చినవాళ్ళు అందరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పాలి, పుట్టినరోజు ఎవరిదైనా సరే. అమెరికా వాళ్ళు కాగితం పళ్ళేలు పట్టుకుని నిలబడే తిరుగుతారు. మొదటి ఏడు ఆమె వాళ్ళందరినీ కుర్చీల్లో కూర్చోబెడితే, ఒకాయన ఆమె భర్తని పక్కకి పిలిచి, ఇది తాగుడు మాన్పించే మీటింగు కాదు కదా అని అడిగాడట. ఇది చెప్పినప్పుడల్లా ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేది.

ఆ దేశం పౌరసత్వం తీసుకుంటే తన పాస్‌పోర్టు పోతుందని తీసుకోలేదు. కాబట్టి ఓటు లేదు. అయినా బడి గురించి, మురుగు కాలవల గురించి ఊళ్ళో ఏ మీటింగు పెట్టినా వెళ్ళి ముందు వరసలో కూర్చునేదట. "ఓటు లేనిదానికి నోరన్నా ఉండొద్దా?" అనేది.

కార్లోలోనూ ఆమె రోజులు అలాగే గడిచేవి. పొద్దున పదకొండింటికి కాఫీ. కాఫీతో ఒక బిస్కట్. రేకు డబ్బా మూత తీసి మన ముందు పెట్టేది, ఒకటి తీసుకోగానే మూత వేసేసేది. ఇంటికొచ్చినవాళ్ళు వద్దంటున్నా విస్తట్లో వడ్డించే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం. నా రూమ్మేట్ తెలుగులో గొణిగింది, "ఒక్క బిస్కట్ కోసం చెప్పులేసుకుని రావాలంటే." అదేమందని పక్కింటామె అడిగితే నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నొచ్చుకోలేదు. "రేపు వస్తే రేపు ఇంకోటి ఉంటుంది," అంది.

చీకటిపడ్డాక కూడా కిటికీలకి తెరలు వేసేది కాదు. దీపం కింద కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉంటే దారినపోయే క్యాంపస్ పిల్లలు చూస్తూ పోయేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళో అందరూ అంతేనట. ఇక పుట్టినరోజుల క్యాలెండర్ టాయిలెట్‌లో వేలాడదీసింది. అక్కడ నా పుట్టినరోజు చూసి నేను గొడవపెట్టుకున్నాను. రోజూ తప్పకుండా కంటబడే చోటు ఇంట్లో ఇంకోటి ఉంటే చెప్పమంది.

మేమిద్దరం గొడవపడని వారం లేదు. ఖమ్మం బస్టాండు పక్కన పాత పుస్తకాల బండి మీద కొన్న సన్న పుస్తకాలే నా అసలు చదువు. భూమి ఎవరిది, ఇల్లు ఎవరిది, కూలి ఎందుకు తక్కువ, అన్నీ వాటిలోంచి నేర్చుకున్నవే. ఇక్కడికొచ్చాక డబ్లిన్ వీధుల్లో టేబుల్ వేసుకుని పంచేవాళ్ళ కరపత్రాలు కూడా తోడయ్యాయి. నేను అవి చదివి వినిపిస్తే ఆమె అల్లిక ఆపకుండా వినేది. చివర్లో ఒకటే అడిగేది, ఇది రాసినాయన ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారని. నాకు ఒళ్ళు మండేది.

రెండో ఏడు చలికాలంలో నోటీసు వచ్చింది. ఆ వరసలో పక్కింటామె ఇల్లు తప్ప మిగతా మూడూ ఒకే యజమానివి. అమ్మేస్తున్నాను, ఖాళీ చేయండి అన్నాడు. మా ఇంట్లో మేం ముగ్గురం చదువుకునేవాళ్ళం. ఆ పక్కన గుంటూరు ఆంటీ, అంకుల్, వాళ్ళ పిల్లాడు. ఆంటీ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళని చూసుకునే కేరర్. చివరింట్లో ముసలాయన, ఎన్నో ఏళ్ళుగా ఒంటరిగా. కార్లోలో అప్పుడు అద్దెకి గది దొరకడమే గగనం. ఒక గది చూడటానికి వెళ్తే మెట్లమీద క్యూ ఉండేది.

నేను ఆ పూటే కరపత్రం రాశాను. అద్దె ఆపేద్దాం, ఇళ్ళు వదలొద్దు, వాడి ఆఫీసు ముందు కూర్చుందాం. పక్కింటామెకి చూపిస్తే చదివి మడతపెట్టి ఇచ్చేసింది. డైరీ తీసింది. ఆదివారం మూడింటికి అందరూ మా ఇంటికి రండి అంది.

మేం వెళ్ళేసరికి సోఫా గోడకి నెట్టేసి, వంటింటి కుర్చీలు, తోటలో మడత కుర్చీలు, పియానో స్టూలు, అన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. నేను నిలబడి మొదలుపెట్టాను. రెండు వాక్యాలు అయ్యాయో లేదో, కూర్చోమంది. "నిలబడి మాట్లాడితే నీకు వీళ్ళ తలలే కనిపిస్తాయి, మొహాలు కనబడవు." తర్వాత పద్ధతి చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు, వరసగా. ఎవరి వంతులో వాళ్ళే మాట్లాడాలి. అడ్డం రాకూడదు. ఏం పోతుందోనని భయపడుతున్నారో అది చెప్పండి, ఏం చేయాలో తర్వాత చూద్దాం అంది.

ఆంటీ ఎప్పుడూ మీటింగుల్లో నోరు విప్పే మనిషి కాదు. అంకుల్ చెబుతాడులే అన్నట్టు ఆయన వైపు చూసింది. ఇది నీ కుర్చీ, ఆయనది పక్కది అంది పక్కింటామె. అప్పుడు ఆంటీ, ఇంగ్లీషు కూడదీసుకుని, ఇల్లు పోతే పోయిందండీ, పిల్లాడికి బడి పోకూడదు అంది. ఎండాకాలం దాకా ఉండనిస్తే చాలు, వాడి ఆరో తరగతి అయిపోతుంది, ఆ బడిలో అదే ఆఖరు. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది. "నువ్వు అద్దె ఆపమంటావమ్మాయ్. రేపు ఇంకో ఇంటికి పోతే పాత ఓనరు మంచి మాట చెప్పకపోతే నాకు తలుపెవడు తీస్తాడే?"

నా కరపత్రంలో దానికి జవాబు లేదు. ఉందని ఆ రోజు వాదించాను, అది వేరే సంగతి.

వంతు ముసలాయన దగ్గరికి వచ్చింది. "నేను గ్రాండ్," అన్నాడు. బాగానే ఉన్నాననడానికి ఈ దేశంలో కాలు విరిగినా గ్రాండే అంటారు. అందరం ముందుకి పోబోయాం. పక్కింటామె పోనివ్వలేదు. "గ్రాండ్ అనేది జవాబు కాదు. ఇంకో చుట్టు తిరిగొస్తాం. ఈలోపు ఆలోచించుకో."

నిజంగానే ఇంకో చుట్టు తిప్పింది. అందరూ మళ్ళీ మాట్లాడారు. మళ్ళీ ఆయన వంతు వచ్చింది. ఆయన టోపీ తీసి మోకాలికి తగిలించుకుని, నేలవైపు చూస్తూ, కారు డిక్కీలో దుప్పట్లు సర్దిపెట్టుకున్నానని చెప్పాడు. స్టవ్ కూడా పెట్టాడట. ఆ వయసులో కారులో పడుకోవడానికి. అన్ని రోజులుగా పలకరిస్తూ తిరుగుతున్నాం, ఎవరికీ తెలియదు.

తర్వాతి కుర్చీ పక్కింటామెదే. "నా వెనక గది ఖాళీగా ఉంది," అంది. "పదకొండింటికి కాఫీ. తెరలు మాత్రం వేయకూడదు."

ఆ ఆదివారం తేలింది ఇదీ: అందరం కలిసి యజమాని దగ్గరికి వెళ్ళాలి, ఎండాకాలం చివరిదాకా గడువు అడగాలి, ఎవరూ విడిగా వెళ్ళి సర్దుబాటు చేసుకోకూడదు. వెళ్ళాం. ఆంటీయే మాట్లాడింది. వాడు అటూ ఇటూ నసిగి, గుమ్మంలో అంతమందిని చూసి, ఒప్పుకున్నాడు. పిల్లాడు ఆ బడి పూర్తిచేశాడు. మేం పరీక్షలు రాసుకున్నాం. ముసలాయన ఆమె వెనక గదిలోకి మారాడు.

నేను మాత్రం ఆమెతో వారంరోజులు మాట్లాడలేదు. ఇది గెలుపు కాదు, గడువు తెచ్చుకున్నాం అంతే, ఇళ్ళు చివరికి వాడివే అయ్యాయి కదా అన్నాను. నిజమే అంది. ఆ నిజమే అనడం నాకు ఇంకా కోపం తెప్పించింది. ఇప్పటికీ ఆ విషయంలో నేను నా మాట మీదే ఉన్నాను. ఆ ఇళ్ళు మూడూ ఇప్పుడు ఎవరో కొని, అంతకు ముందుకంటే ఎక్కువ అద్దెకి ఇస్తున్నారు. కానీ నా కరపత్రం పట్టుకుని ముందుకుపోయి ఉంటే, ఆ డిక్కీలో దుప్పట్ల సంగతి మాకు ఎవరికీ తెలిసేది కాదు. ఈ రెండూ నిజమే. ఆమె ఉంటే ఈ రెండింటి మీదా ఇంకో గొడవ పెట్టుకునేదాన్ని.

గురువారం బస్సు దిగి వెళ్ళేసరికి ఆమెను ముందుగదిలో పెట్టెలో పడుకోబెట్టారు. ఇక్కడ మనిషి పోతే తీసుకెళ్ళే ముందు రాత్రి ఇరుగుపొరుగు వచ్చి ఇంట్లో కూర్చుంటారు, తెరలు మూసేస్తారు. ఎవరో మూయబోతే కూతురు వద్దందట. ఆంటీవాళ్ళు డ్రోహెడా నుంచి వచ్చారు, ఇప్పుడు అక్కడే ఉంటున్నారు. ఆంటీ డ్యూటీ దిగి నేరుగా వచ్చిందేమో, కోటు కింద యూనిఫాం అలాగే ఉంది. పిల్లాడు నా భుజం దాటాడు. ముసలాయన్ని ఇకముందూ ఆ వెనక గదిలోనే ఉండమని కూతురు చెప్పిందని ఆంటీ చెవిలో చెప్పింది.

ముసలాయన గోడవారన ఉన్న కుర్చీలన్నీ ముందుకి లాగుతున్నాడు. వంటింటివి, మడతవి, పియానో స్టూలు. గుండ్రంగా వేశాడు, పెట్టెని కూడా ఆ చుట్టులో కలిపి. ఊళ్ళోవాళ్ళు ఇదేం పద్ధతని ఒకరినొకరు చూసుకుని, కూర్చున్నారు. కూతురు బిస్కట్ డబ్బా తిప్పింది. ఒక్కొక్కరే ఒకటి తీసుకుని మూత వేసి పక్కవాళ్ళకి ఇచ్చారు. ఎవరూ చెప్పలేదు.

ఒక్కొక్కరూ ఆమె గురించి ఒక మాట చెప్పారు. ఆంటీ తెలుగులో చిన్న ప్రార్థన చేసింది. పిల్లాడు, అచ్చం కార్లో పిల్లల యాసలో ఇంగ్లీషులో, ఆమె తన సొంత సైకిల్ మీద వాడికి తొక్కడం నేర్పిందని, పెద్ద రోడ్డు మీదే నేర్పిందని చెప్పాడు. ఆంటీ వాడి వైపు చూసిన చూపుకి అందరూ నవ్వారు.

నా వంతు వచ్చింది. బస్సులో వస్తూ చాలా సిద్ధం చేసుకున్నాను. ఇల్లు అంటే ఏమిటి, పొరుగు అంటే ఏమిటి, అన్నీ. లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. నోట్లోంచి ఒక్కటే వచ్చింది, "నేను గ్రాండ్. పోనీండి ముందుకి."

ముసలాయన టోపీ తీసి మోకాలికి తగిలించుకున్నాడు.

"గ్రాండ్ అనేది జవాబు కాదు, బ్యూర్‌వ్రౌ," అన్నాడు. "ఇంకో చుట్టు తిరిగొస్తాం."

బయట సన్నగా తుంపర పడుతోంది. క్యాంపస్ నుంచి వచ్చే పిల్లలు టోపీలు కప్పుకుని కిటికీలోంచి మమ్మల్ని చూస్తూ పోతున్నారు. చుట్టు మళ్ళీ అటు చివర నుంచి మొదలైంది. అందరూ ఒక్కో మాట చెబుతూ, నెమ్మదిగా నా వైపుకి వస్తున్నారు.