చేట పట్టుకొని మైకులు కొన్న జమాల్ బాషా

పామిడిలో జమాల్ బాషాను అందరూ ‘మైకు భాషా’ అనేవారు. ఒత్తు లేని పేరుకు ఒత్తు పెట్టి పలకడం దోషమని తెలుగు పంతులుగా ఎందరికో చెప్పి చూశాను, ఎవరూ వినలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, మైకుకు కూడా ఒక భాష ఉన్నదనీ, అది మా ఊళ్ళో తెలిసినవాడు అతడొక్కడేననీ అనిపిస్తుంది.

అతని తండ్రి పీరాసాబ్ దూది ఏకేవాడు. ఏకే వింటి నారి మోగే తీరును బట్టే దూదిలో గింజ మిగిలినదీ లేనిదీ చెప్పగలిగేవాడట. ఆ చెవి కొడుకుకు వచ్చింది. పందొమ్మిది వందల యాభై మూడులో జమాల్ బాషా ఆ విల్లును గోడకు తగిలించి, ఒక హారను, ఒక యాంప్లిఫయరు సంపాదించి, పెండ్లిళ్ళకూ ఉరుసులకూ జాతరలకూ మైకు కట్టసాగాడు.

అరవై నాలుగులో ఈరన్న అతని దగ్గరకు వచ్చాడు. ఈరన్నది ఉరుముల మేళం. ఉరుము అంటే మా సీమలో మేఘగర్జన మాత్రమే కాదు, మెడకు తగిలించుకొని ఆడుతూ వాయించే పెద్ద వాద్యం కూడా. ఒక వైపు పుల్లతో కొడతారు, మరొక వైపు వంపు పుల్లతో రాస్తారు. ఆ రాపిడిలో పుట్టే గుర్రుమనే నాదమే దానికి ప్రాణం. నామవాచకమూ క్రియాధాతువూ ఒకటే కావడం వలన ‘ఉరుము ఉరుముతున్నది’ అనవచ్చు. మద్దెలకు ఆ సౌకర్యం లేదు. సరే, విషయానికి వస్తాను.

పట్నంలో ఒక కళాసమితి పెద్ద ఉత్సవం తలపెట్టింది. టేపు పంపిన మేళాలలో మంచివాటిని ఎంచి పిలుస్తారట. ఈరన్నకు అప్పటికే అరవై ఏండ్లు. జిల్లా దాటి ఒక్కసారైనా వాయించాలన్నది అతని కోరిక. జమాల్ బాషా బళ్ళారి నుండి టేపు రికార్డరు బాడుగకు తెచ్చి, పాటలకు వాడే మైకును ఎదురుగా నిలబెట్టి మేళాన్ని టేపు మీద ముద్రించాడు. ‘పామిడి ఉరుములు’ అని చీటీ రాసి పంపినవాణ్ణి నేను.

మూడు వారాలకు జవాబు వచ్చింది: “మీరు పంపిన టేపులో ఉరుముల మోత అధికముగా ఉన్నందున వాద్యము వినబడుట లేదు. వానలు వెలిసిన పిదప మరల ముద్రించి, నెలాఖరులోగా పంపగలరు.”

ఈరన్న పడిపడి నవ్వాడు. “ఏం సామీ, మూడేండ్లుగా చినుకు లేదు, మన టేపులో వానొచ్చిందంట! దాన్ని చేనుకాడ పెడదామా?”

నేను కోపంతో కలం తీశాను. జమాల్ బాషా వారించాడు.

“రాయొద్దు సార్. వాళ్ళు చెప్పింది నిజమే. కొట్టే దెబ్బకు నా మైకు అరిచి, రాసే నాదాన్ని మింగేసింది. తెలియనోళ్ళు వింటే పిడుగనే అనుకుంటారు. తప్పు నాది.”

చీటీలో ‘వాద్యం’ అన్న ఒక్క మాట చేర్చి ఉంటే ఈ అపార్థం కలిగేదే కాదు. ఆ తప్పు నాది. నేను మాత్రం నోరు మెదపలేదు. అంత తేలికగా తప్పు ఒప్పుకోగలవాడి పక్కన కూర్చున్నందుకు సిగ్గుపడ్డాను.

మరునాడు బళ్ళారికి బయలుదేరాం. జమాల్ బాషా సంచిలో వేరుశెనక్కాయలు, చంకలో చేట! భార్య అమీర్ బీ వాకిట్లోనే అందుకున్నది. “మైకులు కొనేకి చాట ఎత్తుకుపోతారా ఎవరన్నా? ఊరోళ్ళు చూస్తే నవ్వుతారు.”

“నవ్వనీ. దాన్నీ రికార్డు చేస్తా.”

అంగడివాడు మొదట విదేశపు మైకు చూపాడు. దాని వెల ఒక జత కోడెల వెల. “ఇది మొక్కేకి బాగుండాది, కొనేకి కాదు” అని జమాల్ బాషా పక్కన పెట్టించాడు. తరువాత తళతళలాడే చవక రకం ఒకటి వచ్చింది. “దీని లోపల సద్దును పట్టేది ఒక రకం ఉప్పుబిళ్ళ సార్, మన ఎండకు నిలవదు” అన్నాడు. ఆఖరున, మూతబడిన నాటక కంపెనీ నుండి వచ్చిన సొట్టల మైకుల గంప అడిగాడు. హెడ్‌ఫోను చెవికి పెట్టుకొని, ఒక్కొక్క మైకు ముందు చేటలో కాయలు నలిపి చెరగసాగాడు.

“ఏమప్పా, శెనక్కాయలు చెరిగేకి నా అంగడే దొరికిందా?” అన్నాడు అంగడివాడు.

“నీ మైకులకు చెవుడుందేమో చూస్తాండాన్నా.”

గింజ చేటకు తగిలే టకటకా, పొట్టు జారే సరసరా విడివిడిగా వినబడాలి. ఉరుములో దెబ్బకూ రాపిడికీ ఉన్న తేడా అదే. గంపలోని తొమ్మిదింటిలో రెండు మాత్రమే నెగ్గాయి. రెండూ కవలపిల్లల వలె ఒకే తీరున పలికాయి.

ఆదివారం నూనె మిల్లు గోదాములో ముద్రణ. చుట్టూ మూటలు ఉంటే గోడలు మారుపలకవని అతడే ఆ చోటు ఎంచాడు. మైకులను దూలానికి వేలాడదీసి, ఈరన్న మెడలోని ఉరుము నుండి రెండింటికీ నులకతాడుతో సమంగా కొలిచాడు. ఒకటి ముందుగా, ఒకటి ఆలస్యంగా వింటే రెండూ కొట్లాడుకుంటాయట.

“ఏమి బాషన్నా, నా నెత్తిన ఉరితాళ్ళు కట్టినావే!”

“ఎదురుగా పెడితే నువ్వు యాడికి ఎగిరేదీ దానికి తెలియదు. పైనుంచైతే అన్నీ కనపడతాయి. నువ్వు ఎగురప్పా.”

మొదటిసారి రేకుల కప్పు మోత వినబడితే జానెడు దించాడు. రెండవసారి ఇంకొక బెత్తెడు. మూడవసారి ఈరన్న, అతని మేళంలోని నల్లప్ప, తక్కిన ముగ్గురూ ఆగకుండా వాయించారు. జమాల్ బాషా టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. వంపు పుల్ల చర్మం మీద పాకడం స్పష్టంగా వినబడుతున్నది.

“ఇన్నేండ్లూ మీరంతా వినింది ఇదా?” అన్నాడు ఈరన్న.

ఈసారి చీటీ మీద ‘ఉరుము అను చర్మవాద్యము’ అని రాశాను. పది రోజులకు పిలుపు వచ్చింది. కళాకారుల పేర్లు, వారు వాయించు వాద్యములు నింపి పంపమన్నారు. నేను కాగితం విప్పగానే ఈరన్న అన్నాడు: “మొదట జమాల్ బాషా పేరు రాయండి సామీ.”

“ఆయన ఏం వాయిస్తాడని రాయాలి?”

“మా ఐదుగురినీ వాయిస్తాడు. ఆయప్ప లేకుంటే ఆడ మమ్మల్ని మళ్ళా వానే అంటారు.”

‘వాద్యము’ అన్న గడిలో ‘మైకు’ అని రాశాను. అది వాద్యమా కాదా అని ఎవరూ అడగలేదు. ఆరుగురికీ రైలు పాసులు వచ్చాయి.