పోలయ్య గుంటకాడ ఇంజిన్

రాడార్‌కు చిక్కని యుద్ధవిమానానికి ఇంజిన్ డిజైన్ చేసే బృందంలో పనిచేస్తాను. పదహారేళ్లుగా ఒకే ఇంజిన్‌తో కుస్తీ పట్టి అలసిపోయి, పోయినేడు సెలవు పెట్టి కోట మండలంలోని మా ఊరికి వెళ్లాను. ఒక ఉదయం, ఒకప్పుడు మా పొలంలో సేద్యం చేసిన పోలయ్య పరుగున వచ్చాడు.

"అబ్బయా, కరెంటు పోయింది. రొయ్యల గుంటకాడ డీజిల్ ఇంజిన్ స్టార్టు కావడంలా. నీళ్లకు గాలి పట్టించే చక్రాలు తిరక్కపోతే రొయ్యలు చస్తాయి. నువ్వు ఇంజిన్లు చేసేవాడివి గదా!"

డీజిల్ ఇంజిన్‌ను నేనెప్పుడూ విప్పలేదు. ఆ మాట చెప్పడానికి మనసొప్పక "పద, చూస్తాను" అన్నాను.

గుంటకాడ ఇంజిన్‌ను అరగంట తడిమాను. రొయ్యలు పైకి తేలసాగాయి. పక్క గుంట నుంచి పోలయ్య భార్య వచ్చి, "జరుగు సామీ" అంటూ డీజిల్ గొట్టం నట్టు వదులు చేసి, లోపల పట్టిన గాలి వదిలింది. ఇంజిన్ అందుకుంది. కానీ అప్పటికే చాలా రొయ్యలు పోయాయి.

"తెలీదంటే అప్పుడే దీన్ని కేకేసేవాణ్ణి గదా అబ్బయా! మీ నాయన కూడా అంతే. తెలీదని ఏనాడూ అనలా" అన్నాడు పోలయ్య.

ఆ గుంట, తెలీదని అనలేకే మా నాన్న పోగొట్టుకున్న పొలం. పోలయ్యను క్షమించమని అడగడానికి నాకు మరో రెండు రోజులు పట్టింది.