వ్యానులో పెరిగిన పిల్ల

తల్లి గర్భంలోనే మనల్ని ఎరిగిన దేవునికి స్తోత్రం.

తొంభైలలో మా కంకిపాడు సంఘానికి ఒక సువార్తికుడు వచ్చేవాడు. భార్యనీ ముగ్గురు పిల్లల్నీ వ్యానులో ఎక్కించుకుని ఏడాది పొడుగునా ఊరూరా తిరిగేవాడు. ఇల్లెక్కడని అడిగితే వ్యాను తలుపు చరిచి, "ఇదేనండీ! బైబిల్లో మన పితరులు గుడారాల్లో బతకలేదా?" అని నవ్వేవాడు.

ప్రతి కూటంలో అతని పెద్దకూతురు బైబిలు తెరిచి కీర్తన చదివేది. పదేళ్ళ పిల్ల తడబడకుండా చదువుతుంటే అందరూ మురిసిపోయేవారు.

ఒక ఆదివారం ప్రార్థన మనవులు చెప్పమంటే ఆ పిల్ల లేచింది. "నాకు చదవడం రాదండీ. నాన్న చెప్పింది బట్టీపట్టి, బైబిలు ఊరికే పట్టుకుంటాను. నన్ను బళ్ళో వేయాలని ప్రార్థన చేయండి."

"మా ఇంట్లో ఉంచండయ్యా, బడికి నేను పంపుతాను," అన్నారు పాస్టరమ్మగారు.

"పిల్ల లేకపోతే నా కూటాలకి ఎవరొస్తారమ్మా?" అన్నాడతను, సిగ్గులేకుండా. ఆ మధ్యాహ్నమే వ్యాను వెళ్ళిపోయింది.

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గుడారాలెత్తమని పితరులకి దేవుడు చెప్పాడు. ఈ పిల్లకి అక్షరాలు వద్దని ఏ దేవుడు చెప్పాడు?

ఆమె ఇప్పుడు పెద్దదై ఉంటుంది. ఇది చదువుతున్నవారు ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి అడగండి: ప్రభువా, నీ వాక్యాన్ని ఆమె తన కళ్ళతో చదువుకునేలా చెయ్యి.